ఫారంలో అరవై ఆరు

విజయనగరం,
14 జూన్ 2010.

కుసుమా,

నువ్వు పోయిన బుధవారం వచ్చి ఇచ్చి వెళ్ళిన ఆరోగ్య బీమా ఫారం ఇంకా హార్మోనియం పెట్టె మీదే ఉంది. పెన్సిల్‌తో టిక్కులు పెట్టిన నాలుగు చోట్లా సంతకాలు చేసేస్తే చాలన్నావు. చేసేసేదాన్నే. కానీ కనిపించిన కాగితమల్లా చదివే పాడు అలవాటు ఒకటి ఉంది కదా నాకు. ఒక గడిలో బరువు ఎంత అని ఉంది. ఇంకో గడిలో రోజూ వాడే మందులేమైనా ఉన్నాయా అని ఉంది. ఆ రెండింటి దగ్గరా ఆగిపోయాను.

ఫోన్‌లో అడుగుదామంటే మా ఇంటికున్న ఒక్క సెల్లూ పొద్దున్నే ఆయనతో గుడికి వెళ్ళిపోతుంది. అర్చకుడి ఫోన్‌కి పెళ్ళాం లావు గురించి కబుర్లు రావడం ఏం బాగుంటుంది? అయినా డిగ్రీ అయిన దగ్గర్నుంచి ఇరవై ఏళ్ళుగా మనం ఏడవాల్సినవన్నీ ఉత్తరాల్లోనే ఏడ్చుకున్నాం. ఇదీ అక్కడికే.

మొన్న నన్ను చూడగానే "ఏటే, సగవైపోనావు, సుగరేటి?" అన్నావు. నేను నవ్వేసి కాఫీ తెస్తానని లోపలికి పోయాను. షుగర్ కాదే. ఫిబ్రవరి నుంచి లావు తగ్గడానికి క్యాప్సూల్ వేసుకుంటున్నాను. పొద్దున్నే ఒకటి. ఇక ఆకలి అన్నది గుర్తే రాదు. తొంభై నాలుగు ఉండేదాన్ని, ఇప్పుడు ఎనభై ఆరు.

ఎందుకంటావా? కిందటేడు కొత్తవలస చవితి పందిట్లో సీతా కల్యాణం చెబుతున్నాను. శివధనుస్సు దగ్గరికి వచ్చేసరికి వెనకనుంచి ఎవడో, "సీతమ్మోరు ఇంత ఉంటే విల్లు ఆవిడే ఇరిసేస్తాది, మద్దిన రాముడెందుకు?" అన్నాడు. పందిరంతా నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వుతూనే పద్యం ఎత్తుకున్నాను. హరికథ చెప్పేవాళ్ళకి అది తప్పదు. కానీ కథ అయ్యాక కమిటీ పెద్ద వచ్చి, "వచ్చే ఏడు కూసింత సన్నవైన మనిసిని సూసుకుంతాం అమ్మా, ఏటనుకోకు" అన్నాడు. ఇప్పుడు ఏ ఊరివాళ్ళు పిలిచినా ముందు ఫోటో పంపమంటున్నారు. మా నాన్న వేంకటాచలం దాసుగారు నలభై ఏళ్ళు గజ్జె కట్టారు. ఆయన పొట్ట నాకు రెండింతలు. దాన్ని జనం నిండైన విగ్రహం అన్నారు. నాదైతే లావు అయింది.

మందు రాసిన డాక్టరు మంచివాడే. ఒక్క ఏడాదే వాడాలి, నెలనెలా వచ్చి బీపీ చూపించుకోవాలి అన్నాడు. నోరు మాత్రం ఎండిపోతోంది. పద్యానికీ పద్యానికీ మధ్య నీళ్ళు తాగాల్సి వస్తోంది.

ఇప్పుడు చెప్పు. మాది గులాబీ రేషన్ కార్డు. రేపు ఏ పెద్ద జబ్బొచ్చినా మీకు చేయించినట్టు తెల్లకార్డు మీద సర్కారు మాకు చేయించదు. ఈ పాలసీయే దిక్కు. ఆ గళ్ళలో ఏం రాయను?

నీ
విశాలి

*

శ్రీకాకుళం,
19 జూన్ 2010.

విశాలీ,

నీకు చదువెక్కువై వచ్చిన చిక్కు ఇది. మా పనిలో ఫారం ఎవరూ నింపరు. పార్టీ సంతకం పెడుతుంది, ఏజెంటు నింపుతుంది. ఇన్నాళ్ళలో "బరువు గడిలో ఏం రాయను" అని అడిగింది నువ్వొక్కదానివే.

నిజం రాస్తే ఏమవుతుందో చెప్తాను, విను. నీ ఎత్తుకి ఎనభై ఆరు అంటే దాన్ని లావు అనరు, జబ్బు అంటారు. ఆ జబ్బుకి వాడే మందుకి గానీ, దానివల్ల వచ్చే దేనికి గానీ పాలసీలో చోటు లేదు. క్యాప్సూల్ పేరు రాశావా, ఫారం తిరుగు టపాలో నా మొహం మీదికొస్తుంది. నీకు నలభై అయిదు దాటలేదు కాబట్టి వైద్య పరీక్ష అడగరు. ఎవరూ నిన్ను తూచరు.

అందుకని గళ్ళన్నీ ఖాళీగా వదిలి సంతకాలు పెట్టి పంపించు. బరువు అరవై ఆరు అని నేను వేస్తాను. నవ్వకు. మందుల గడిలో లేవు అని రాస్తాను. ఏడాదికి నువ్వు మందు ఆపేస్తావు కదా, అప్పటికి బరువూ ఆ అంకెకే దిగుతుంది. జరగబోయేదాన్ని కాస్త ముందుగా రాస్తున్నాం, అంతే. ఎవరికీ నష్టం లేదు.

నా అవసరం కూడా దాచను. ఈ నెలాఖరుకి ఇంకో రెండు పాలసీలు రాకపోతే నా ఏజెంటు కార్డు పోతుంది. మా పేటలో మెడలో కార్డు వేసుకుని తిరిగే ఆడది నేనొక్కర్తినే. మా ఆయన ఎర్రన్న ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్ బోట్ల మీదే ఉంటాడు. మా అమ్మ తాతమ్మ సంగతి నీకు తెలుసు. చేపల గంప దించి నా బ్యాగు కేసి చూసి, "కంపు నేని సరుకు ఎవులు కొంతారే?" అంటుంది. నీ లాంటి వాళ్ళు కొంటారని చెప్పాను.

నీ క్యాప్సూల్ గురించి ఒక్క మాట. నెలనెలా బీపీ చూపించుకో. ఆ డాక్టరు ఊరికే చెప్పి ఉండడు.

నీ
కుసుమ

*

విజయనగరం,
27 జూన్ 2010.

కుసుమా,

ఫారం దీంతో పంపిస్తున్నాను. నువ్వు చెప్పినట్టే గళ్ళన్నీ ఖాళీ. సంతకాలు నాలుగూ నావి, సాక్షి సంతకం మా ఆయన కామేష్‌ది. అరవై ఆరు సంగతి ఆయనకి చెప్పాను. "అది కంపెనీవాళ్ళ కాగితం, మనకేం పోయింది" అని సంతకం చేసేశారు.

ఇంక నవ్వుకో. నేను మందు మొదలుపెట్టిన రోజునే మా నాన్న నాకు తెలియకుండా మొక్కేసుకున్నారట, అమ్మాయి తొంభై లోపుకి దిగితే ఎత్తు బెల్లం తూగిస్తానని. తులాభారం మొన్న శుక్రవారం జరిగింది, మా ఆయన గుళ్ళోనే. గుడి ఊడ్చే మరిడమ్మ నన్ను పక్కకి లాగి, "ఇంకో రెండు నెల్లు ఆగరాదేటమ్మా, బెల్లం కలిసొస్తాది" అంది. పక్కనున్న ఆడవాళ్ళంతా ఒకటే నవ్వు.

ఆ పళ్ళెంలో కూర్చుంటే నాకేమో సిగ్గు. అవతల పళ్ళెంలో బెల్లం దిమ్మలు ఒక్కొక్కటే పడుతున్నాయి, జనం లెక్కపెడుతున్నారు. కాంటా నిలబడ్డాక గుమాస్తా ఎనభై ఆరు అని రాయబోయాడు. కామేష్ ఒప్పుకోలేదు. "స్వామి దగ్గర పావుకిలో తేడా రాకూడదు" అని మళ్ళీ చూసి, ఎనభై అయిదు కిలోల ఏడువందల యాభై గ్రాములు అని తన చేత్తో రసీదు రాశారు. పేరు, గోత్రం, తేదీ, బరువు. దాన్ని స్వామి ఫోటోతో కలిపి పటం కట్టించి హాల్లో గుమ్మానికి ఎదురుగా పెట్టారు. నా లావు ఇప్పుడు వచ్చినవాళ్ళందరికీ దర్శనమిస్తోంది.

ఒకే వారంలో ఆయన రెండు కాగితాల మీద నా బరువుకి సాక్షి అయ్యారు. ఇరవై కిలోల తేడా. ఆయనకి అందులో ఏమీ తప్పు కనిపించలేదు, చూశావా. నాకూ నవ్వొచ్చిందే తప్ప ఇంకేం రాలేదు.

నీ
విశాలి

*

శ్రీకాకుళం,
22 ఫిబ్రవరి 2011.

విశాలీ,

పేపర్ చూశావా? లావు తగ్గించే క్యాప్సూల్ ఒకటి దేశమంతా అమ్మకం ఆపించారని పడింది. గుండెకి మంచిది కాదట. నువ్వు వాడేదాని పేరు చవితికి చెప్పావు కదా. అదే మందు.

ఇప్పటికి నీకు ఏడాది అయింది. ఆపేశావా? బీపీ ఎంత ఉంది? ఇది ఏజెంటుగా అడగడం లేదు. జూన్‌లో పాలసీ రెన్యువల్ వస్తుంది, అది వేరే సంగతి. చవితికి నిన్ను చూసినప్పుడు సన్నగా బాగానే ఉన్నావు గానీ, మెట్లెక్కి వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డావు. అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

రెండు ముక్కలు వెంటనే రాయి.

నీ
కుసుమ

*

విజయనగరం,
1 మార్చి 2011.

ప్రియమైన కుసుమకి,

నీ ఉత్తరం అందింది. కంగారు పడకు. దీపావళికే ఆపేశాను. డాక్టరు ఏడాది అన్నాడు, నేను తొమ్మిది నెలలకే మానేశాను. బీపీ బాగానే ఉందన్నారు.

బరువు డెబ్భై. నీ అరవై ఆరుకి నాలుగే ఎక్కువ, నీ చేతి చలవ. ఈ శ్రీరామనవమికి అయిదు ఊళ్ళు ఒప్పుకున్నాను. నన్ను వద్దన్న కొత్తవలస కమిటీవాళ్ళు కూడా మళ్ళీ పిలిచారు. అదే సీతా కల్యాణం చెప్పమన్నారు. ఈసారి ఎవరూ విల్లు గురించి మాట్లాడరు. గజపతినగరం వాళ్ళు వచ్చే చవితికి ఇప్పుడే అడ్వాన్సు ఇచ్చారు, బ్యానర్ మీద నా ఫోటో వేస్తారట.

ఇంట్లో అంతా కులాసా. పాఠాలకి పిల్లలు వచ్చే వేళయింది, ఉంటాను.

విశాలి

*

విజయనగరం,
10 అక్టోబర్ 2011.

కుసుమా,

పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటాయి. నువ్వు విశాఖపట్నం ఆసుపత్రికి వచ్చిన రోజు నాకు సగమే తెలివి ఉంది. తాతమ్మ పంపిన కొబ్బరుండలు మాత్రం గుర్తున్నాయి. ఇప్పుడు అంతా రాస్తాను.

గజపతినగరం పందిట్లో ఆరో రోజు. రుక్మిణి లేఖ రాస్తున్న ఘట్టం. గుండె దడదడలాడుతోంది, అది నాకు ఏడాదిన్నరగా అలవాటే. ఎడమ చేతిలో చిరతలు జారిపోయాయి. వంగి తీసుకుందామనుకున్నాను, తరవాత తెలియదు. పడిపోయాక కూడా కాసేపు జనం అభినయమే అనుకున్నారట. గుండెపోటు. మూసుకుపోయిన రక్తనాళాల్లో ఒకదానికి స్టెంటు వేశారు. ఇంకో రెండున్నాయి, వాటికి గుండె తెరిచి ఆపరేషన్ చేయాలి, డిసెంబరు దాటనివ్వొద్దు అన్నారు.

నీకు ఒక అబద్ధం రాశాను. దీపావళికి ఆపిన మాట నిజమే. మూడు వారాల్లో అయిదు కిలోలు తిరిగొచ్చాయి. అద్దంలో చూసుకుని మళ్ళీ మొదలుపెట్టాను, ఆ పైన ఆపలేదు. ఆపగానే తిరిగొచ్చే లావుకి ఏడాది మందు ఏం చేస్తుంది? డాక్టరు దగ్గరికి వెళ్ళింది మొదటి నాలుగు నెలలే. తరవాత ఆయన చీటీ జిరాక్సు తీసి మందుల కొట్టు నూకయ్యకి ఇచ్చాను, అడిగినప్పుడల్లా ఇచ్చాడు. అమ్మకం ఆపించాక కూడా, "గవర్మెంటోల్లు ఆపీసినారు గానీ సరుకు మంచిదేనమ్మా, ఉన్నదంతా మీకే ఉంచినాను" అన్నాడు. ఉన్నదంతా నేనే కొన్నాను.

ఇప్పుడు కంపెనీ సంగతి. విచారించడానికి ఒకాయన ఇంటికి వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. కాఫీ తాగుతూ, "ఈ పటం ఏవిటండీ?" అన్నాడు. కామేష్‌కి అంతకంటే ఏం కావాలి? "ఇది మా ఆవిడ తులాభారం రసీదండీ. మా గుళ్ళో తూకమంటే తూకమే, గ్రాము తేడా ఉండదు" అని పటం దించి ఆయన చేతిలో పెట్టారు. ఆయన కళ్ళకద్దుకుని, సెల్‌తో ఫోటో తీసుకుని, నమస్కారం పెట్టి వెళ్ళాడు. నూకయ్య కొట్లో బిల్లులు కూడా దొరికాయి. పది రోజులకి కంపెనీ కాగితం వచ్చింది. బరువు దాచారు, మందు దాచారు, బరువు తగ్గించే మందుల వల్ల వచ్చినదానికి ఎలాగూ వర్తించదు, ఇవ్వం. మూడే వాక్యాలు.

విశాఖపట్నంలో బీమా తగాదాలు వినే విచారణాధికారికి అప్పీలు పెట్టాం. అక్కడ జగన్నాధం అనే గుమాస్తా కామేష్‌కి చెప్పాడట, పార్టీ నిజం చెప్పినా ఏజెంటే రాయకుండా వదిలేసిందని తేలితే ఆ మూడు వాక్యాలూ చెల్లవు, కంపెనీ ఇవ్వాల్సి వస్తుందని. నిన్ను రాతపూర్వకంగా అడుగుతారు. కుసుమా, ఆ ఒక్క మాట రాయవే. డబ్బు రాకపోతే ఈ ఆపరేషన్ మా వల్ల కాదు. అది లేకపోతే నేను ఎన్నాళ్ళుంటానో డాక్టరు చెప్పడం లేదు, తల తిప్పుకుంటున్నాడు.

నీ
విశాలి

*

శ్రీకాకుళం,
20 అక్టోబర్ 2011.

విశాలీ,

నాకు నోటీసు వచ్చింది. పదిహేను రోజుల్లో రాసివ్వాలి. తెలిసే తప్పు రాశానంటే కార్డు పోతుంది, మళ్ళీ ఏ కంపెనీలోనూ రాదు. ఇది నీకు తెలియాలని రాస్తున్నాను, అంతే.

నీ మీద మండుతోంది నాకు. ఫిబ్రవరిలో అంత సూటిగా అడిగాను. దీపావళికే ఆపేశాను, బీపీ బాగుంది అని చక్కగా రాశావు. ఆ ఉత్తరం మా అమ్మకి చదివి వినిపించాను. "పోనీలే, బతికింది" అంది. కంపెనీకి నేను అబద్ధం రాశాను, కాదనను. నీకెప్పుడూ రాయలేదు.

ఇంకొకటి, జాగ్రత్తగా చదువు. కిందటేడు జూన్‌లో నేను రాసిన ఉత్తరం ఉంది చూశావా, ఫారం సంగతి, అది కాల్చెయ్యి. ఇవాళే కాల్చు. మీ ఆయన కంటపడక ముందే కాల్చు. ఎందుకని అడక్కు. కంపెనీకి నేనేం రాస్తానో కూడా అడక్కు. దాని గురించి నాకు ఉత్తరం రాయొద్దు, నేనూ రాయను.

మందులు వేళకి వేసుకో. మెట్లెక్కకు.

కుసుమ

*

విజయనగరం,
7 నవంబర్ 2011.

కుసుమకుమారి గారికి,

కాల్చమన్న ఉత్తరం కాల్చలేదు. నీ ఆజ్ఞ పాటించలేకపోయినందుకు క్షమించు.

చావుబతుకుల్లో ఉన్నదాన్ని ఒక్క మాట రాసివ్వమని అడిగితే, నీ దగ్గర్నుంచి వచ్చిన జవాబు ఏమిటి? నీ కార్డు పోతుంది. నేను అబద్ధం చెప్పాను. నీ మీద రుజువుగా మిగిలిన కాగితం కాల్చాలి. నువ్వేం రాస్తావో మాత్రం అడగకూడదు. నేను పసిపిల్లనా కుసుమా, అర్థం కాకపోవడానికి?

పోయిన వారం కామేష్ మళ్ళీ ఆఫీసుకి వెళ్ళారు. జగన్నాధం గారిని అడిగితే, "ఏజెంట్లు ఇంకేం రాస్తారండీ? పార్టీ మా దగ్గర దాచింది అనే రాస్తారు. ఈవిడా రాసిచ్చేసింది కదా, అదే అయుంటుంది" అన్నాడట. ఆయన ఇంటికొచ్చి ఈ మాట చెప్పినప్పుడు నాన్న ఇక్కడే ఉన్నారు. "వాళ్ళతో అంత రాకపోకలు ఏమిటని నేను ముందునుంచీ అంటూనే ఉన్నాను" అన్నారు. ఏ మొహం పెట్టుకుని నీ తరఫున మాట్లాడను?

నీ ఉత్తరం పెట్టెలోంచి తీసి నేనే కామేష్‌కి ఇచ్చాను. శనివారం విశాఖపట్నం వెళ్ళి అధికారి చేతికి ఇచ్చి రసీదు తెచ్చారు. బరువు నువ్వే వేస్తానన్నావు, మందులు లేవని నువ్వే రాస్తానన్నావు, నీ దస్తూరీతోనే ఉంది. ఇక నువ్వేం రాసుకున్నా ఒకటే.

నీ పొట్ట కొట్టాలని కాదు. నాకు బతకాలని ఉంది. నా స్థానంలో నువ్వున్నా ఇదే చేసేదానివి.

విశాలి

*

శ్రీకాకుళం,
18 నవంబర్ 2011.

విశాలీ,

అక్టోబర్ 31న నేను కంపెనీకి రాసిచ్చిన కాగితం నకలు దీంతో పెట్టాను. నకలు విడిగా చూడ్డానికి నీకు ఓపిక లేకపోతే ఇక్కడే చదువు.

"తన బరువు, వాడుతున్న మందు సంగతి పాలసీదారు నాకు నోటితో పూర్తిగా చెప్పారు. ఖాళీ ఫారం మీద ఆవిడ చేత సంతకాలు తీసుకున్నాను. నా టార్గెట్ కోసం ఆ రెండు గళ్ళూ నేనే తప్పుగా నింపాను. నేనేం నింపానో ఆవిడకి తెలియదు. తప్పు నాది."

కింద సంతకం పెట్టి, మెడలో కార్డు తీసి ఆ కాగితం మీదే పెట్టి వచ్చేశాను.

కాల్చమన్నది అందుకు. నీకేమీ తెలియదని నేను రాస్తున్నప్పుడు, నీకంతా తెలుసని చెప్పే కాగితాల్లో నా దగ్గర లేనిది అదొక్కటే. ఆ సంగతి ఉత్తరంలో విడమర్చి రాస్తే అది రెండో కాగితం అవుతుంది. ఫోన్ మూడుసార్లు చేశాను. మూడుసార్లూ మీ ఆయనే ఎత్తి, ఆవిడ మాట్లాడే స్థితిలో లేదని పెట్టేశారు. బస్సెక్కి వద్దామనుకున్నాను. మానేశాను. ఎందుకో తెలుసా? ఎదురుగా చెబితే, నీ కూడు పోతుందే, వద్దు అని నువ్వు అడ్డం పడతావనుకున్నాను. ఎంత వెర్రిదాన్నో చూడు.

పద్నాలుగో తారీఖున అధికారి నన్ను పిలిపించాడు. బల్ల మీద రెండు కాగితాలూ పక్కపక్కనే ఉన్నాయి. "అమ్మా, మీ వాంగ్మూలం చూసి ఆవిడకి ఇప్పించేద్దామని అంతా సిద్ధం చేశాను. తీరా ఆవిడే తెచ్చిచ్చిన ఈ ఉత్తరంలో అన్నీ ఆవిడకి ముందే తెలుసని ఉందే. ఇద్దరూ కలిసే చేశారని ఉందే. నేనేం చేసేది?" అన్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు. బరువు గురించి నవ్వకు అని రాశాను కదా ఆ ఉత్తరంలో, ఆ ముక్క దగ్గర ఎర్ర సిరాతో గీత గీసి ఉంది.

మా అమ్మకి చెప్పాను. "పోనీయే. రేపట్నించి గంపెత్తుకో, సేపకి ఫారం ఉండదు" అంది. ఇవాళ్టికి నాలుగు రోజులైంది బజార్లో కూర్చుంటున్నాను. పాలసీలు కట్టినవాళ్ళు కూడా వస్తున్నారు, కార్డేదీ అంటున్నారు.

నీ స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్నన్నావు. నా స్థానంలో ఉండి నేనేం చేశానో ఇప్పుడు చదివావు కదా.

నీ మీద కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉంది. చాలా ఉంది.

కుసుమకుమారి

*

విజయనగరం,
27 నవంబర్ 2011.

కుసుమా,

నీ ఉత్తరం వచ్చిన రెండో రోజున అధికారి ఉత్తర్వు కూడా వచ్చింది. పాలసీదారుకు తెలిసే జరిగింది కాబట్టి అప్పీలు కొట్టివేయడమైనది. దాని మీద ఇంకో అప్పీలు లేదట. కోర్టుకెళితే ఏళ్ళు పడుతుందట.

కామేష్‌కి నీ ఉత్తరం ఇచ్చాను. నిలబడే చదివి, మడిచి, నా పక్కన పెట్టి, సంధ్య హారతికి వెళ్ళిపోయారు. నాన్న ఇంకా చదవలేదు. చదవమని నేనూ ఇవ్వలేదు. ఆయన ఏం అంటారో వినే ఓపిక లేదు.

ఆపరేషన్ లేదు. ఉన్న మందులతో ఉన్నన్నాళ్ళు అన్నారు. నిలబడి కథ చెప్పకూడదు, గజ్జె కట్టకూడదు, గట్టిగా పాడకూడదు. మంచం మీదే ఉండి ఉండి మళ్ళీ ఎనభై దాటాను. ఇప్పుడు ఎవరూ ఫోటో అడగడం లేదు.

క్షమించమని అడగను. అడిగితే ఇస్తావేమోనని భయం, అది నేను తీసుకోలేను. ఒక్కటి మాత్రం నీకు చెప్పకుండా ఉంచుకోలేను. జగన్నాధం ఊహించి అన్న మాటని నేను చూసినట్టే నమ్మాను అని నీకు రాద్దామని మొదట కూర్చున్నాను. అలా రాస్తే సగం తప్పు ఆయన మీదికి పోతుంది, ఇంకో సగం జబ్బు మీదికి పోతుంది. కాగితం చింపేశాను. నీకు ఒకసారి అబద్ధం రాశాను, చాలు.

నాన్న "వాళ్ళతో" అన్నప్పుడు నాకు కోపం రావాలి. రాలేదు. ప్రాణం తేలికపడింది. నువ్వు అలాంటిదానివే అని ఎవరో ఒకరు అంటే బాగుండునని ఎదురుచూస్తూ ఉన్నాను. ఆయన అన్నారు. నాకు దారి దొరికింది. అరటికాయ వేపుడు నీకిష్టమని వండి పెట్టిన ఇంట్లోనే, నీకు నా మంచం మీద పడుకునే చనువు ఉన్న ఇంట్లోనే, ఆ ఒక్క మాట నాకు అక్కరకొచ్చింది.

పెట్టె తెరిచి నీ ఉత్తరం తీసినప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. మొదటినుంచి చివరిదాకా ఇంకోసారి చదివాను. నెలనెలా బీపీ చూపించుకో అని రాశావు అందులో. నువ్వు నా మీద అబద్ధం రాసిచ్చే మనిషివి కాదు, కుసుమా. ఆ సంగతి నాకు అప్పుడు కూడా తెలుసు. తెలిసే ఆయన చేతికి ఇచ్చాను.

విశాలి